గతుకులు

పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాకా
ఎన్ని గతుకులున్నాయో
రోడ్ల శాఖకు తెలియదు.
ఉసేనికి తెలుసు. వాడికి తొమ్మిదేళ్లు.

"గుంత వచ్చినప్పుడల్లా నా కొంగు పట్టుకుంటాండెమ్మా"
అంది వాళ్లవ్వ సుంకులమ్మ,
దారిలో జరిగిన చిన్న ముచ్చట లాగా.
కేసు షీటులో నేను మొదట రాసుకున్నది అదే.

నిన్న పొద్దున నొప్పి బొడ్డు చుట్టూ ఉందట.
బొడ్డు జరిగిందని ఎవరో నూనె పెట్టి తోమారట.
దిష్టి తీశారు. సోడా తాపారు. కక్కాడు.
"ఆముదం గానీ పోశారా?"
నా గొంతు కాస్త పెద్దదయింది.
"యాడ పోసేది తల్లీ, వాడు నోరు తెరిస్తే కదా."
ఆ మొండితనానికి లోపలే దండం పెట్టుకున్నాను.

సాయంత్రానికి నొప్పి ఇల్లు మారింది.
కుడివైపుకు, కిందికి,
బొడ్డు నుంచి తుంటి ఎముకకు పోయే దారిలో
రెండొంతులు దాటాక ఆగింది.

"యాడ నొప్పి?"
"యాడా ల్యా. ఇంటికి పోదాం."
వాడి కళ్లు స్టీలు ట్రే మీదున్నాయి.
"సరే, ఒంటికాలి మీద గెంతు చూద్దాం,
తొక్కుడుబిళ్ల ఆడినట్టు."
ఒకసారి గెంతాడు.
రెండోసారి కాలు లేవలేదు.
నవ్వాడు, పెదాలతో మాత్రమే.

నెత్తుట్లో తెల్లకణాలు కాస్త ఎక్కువ.
జ్వరం వంద దాటింది, అంతే.
స్కానింగ్ గదిలోంచి మస్తాన్ బాషా అన్నాడు:
"గ్యాస్ అడ్డమొస్తాంది మేడమ్, అపెండిక్స్ కనబళ్లేదు."
కనబడకపోవడం లేకపోవడం కాదు.
మార్కులన్నీ కూడితే మధ్యలో ఆగాయి.
కొయ్యమనవు. పంపమనవు.

ఏడేళ్ల కిందట ఇట్లాగే మధ్యలో ఆగిన పాప ఒకతి,
కోడుమూరు నుంచి, పేరు మాదేవి.
గ్యాస్ మందిచ్చి పంపాను.
రెండో రాత్రి నొప్పి ఉన్నట్టుండి తగ్గిందట.
ఇంట్లో సంబరపడ్డారట.
మూడో రోజు చీము నిండిన కడుపుతో తెచ్చారు.
బతికింది.
ఆ సంబరాన్ని మాత్రం నేనింకా మోస్తున్నాను.

నొప్పికి మందిస్తే జబ్బు దాక్కుంటుందని
మా పెద్ద సార్లు చెప్పేవాళ్లు.
పిల్లాణ్ణి ఏడిపించి తెలుసుకునే నిజం నాకొద్దు.
సూదిమందు ఇప్పించాను. నోటికేమీ వద్దన్నాను.
సెలైన్ చుక్కలు పడుతున్నాయి.
ఏడుపు పోయింది. చోటు మిగిలింది.

పదకొండుకు వచ్చాను. ఒంటిగంటకు వచ్చాను.
ప్రతిసారీ అరచేతులు రుద్దుకుని, వేడి చేసుకుని,
ఎడమవైపు మొదలుపెట్టి, వాడి ముఖమే చూస్తూ.
"చూసిందే ఎన్నితూర్లు చూస్తావమ్మా?"
"సంగటి చేసేటప్పుడు మూత తీసి చూడవా అవ్వా?"
"అది ఉడికేదాకే కదా."
"ఇదీ అంతే."

నాలుగింటికి
నా చెయ్యి తగలకముందే
కడుపు పలకలా బిగుసుకుంది.

అమ్మానాన్నలు సుగ్గికి పోయారు,
గుంటూరు పక్కన మిరపకోతకు.
ఫోనులో నేను ఆపరేషన్ అన్నాను, మత్తు అన్నాను,
ఆగితే పగలొచ్చన్నాను.
అటు నుంచి దగ్గు. మిరపఘాటు అనుకుంటా.
తర్వాత ఆ తల్లి ఒక్కటే అడిగింది:
"అన్నం తిన్న్యాడా?"

ఆరు గంటలకు ట్రేలో పెట్టాను దాన్ని.
నా చిటికెన వేలంత పొడవు, బొటనవేలంత లావు,
కొన నల్లబడి ఉంది. పగల్లేదు.
అవ్వ చూసి, "దీనికేనా" అంది.
కొంగు మడతలు, ఎవరో నలిపినవి, అట్లాగే ఉన్నాయి.

మూడో పొద్దున రౌండ్సుకు పోతే
ఉసేని నన్ను పలకరించలేదు.
పక్క మంచం దగ్గర ఎవరో విప్పిన ఉగ్గాని పొట్లం వైపు
మెడ సాచి చూస్తున్నాడు.
ఏ రిపోర్టూ అంత బాగా రాయలేదు.

డిశ్చార్జి కాగితం మీద, మాత్రల కింద,
కుట్లు చూపించే తేదీ కింద,
ఇంకో వాక్యం రాశాను:
బస్సులో వెనక సీటు వద్దు.
అవ్వకు చదువు రాదు.
కండక్టరుకు చూపించమన్నాను.